చెయ్యి చూసి చెప్పేవాళ్ళు

మా నెల్లూరు వైపు కోట చుట్టుపక్కల వరి కోతలు ముగిశాయంటే కయ్యలన్నీ క్రికెట్ మైదానాలే. మోళ్ళు చెక్కేసి, నడుమ ఒక పట్టీ చదును చేసి, రొయ్యల గుంట గట్టును బౌండరీ అనుకుని పిలకాయలు పొద్దుగుంకేదాకా ఆడతారు. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళ కళ్ళన్నీ బ్యాటు మీదే. ఎవడి సిక్సు ఏ గుంటలో పడిందో ఊరంతా చెప్పుకుంటుంది. ఆ బంతి వేసినవాడి భుజం ఎట్లా తిరిగింది, మణికట్టు ఎక్కడ విరిచాడు, ముందుకాలు ఎంత గట్టిగా నిలిచింది అని చూసినవాళ్ళు ఆ గట్టు మీద ఒక్కరున్నా గొప్పే. అలా చూడటం కూడా ఒక పని, గొప్ప పనితనం కావలసిన పని. మన దగ్గర బౌలర్ గురించి బోలెడంత రాస్తారు. పేరు రాకముందే అతన్ని కనిపెట్టిన చూపు గురించి రాసేవాళ్ళు తక్కువ. నా మట్టుకు నాకు బౌలింగ్ ఎంత కళో ఆ చూపూ అంతే కళ.

అమెరికాలో ఈ పనికి జీతాలున్నాయి, దశాబ్దాల సంప్రదాయముంది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. మన బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రాడు. కాస్త ఎత్తుగా పోసిన మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి వంచి, 18.44 మీటర్ల అవతల ఉన్న బ్యాటర్ వైపు విసురుతాడు. బంతి నేలను తాకకుండా పోవాలి కాబట్టి వంపులన్నీ గాలిలోనే తిరగాలి. పెద్ద లీగుకు కింద మైనర్ లీగుల్లో నాలుగు మెట్లు: సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. 30 పెద్ద జట్లకూ ఒక్కో మెట్టు మీద ఒక్కో అనుబంధ జట్టు, మొత్తం 120. ఆ చిన్న ఊళ్ళ మైదానాల్లో బ్యాటర్ నిలబడే ప్లేట్ వెనక కుర్చీల్లో రాడార్ గన్ పట్టుకుని, ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని కూర్చునేవాళ్ళే స్కౌట్లు.

వాళ్ళ మార్కుల పద్ధతి నాకు భలే ఇష్టం. 20 నుంచి 80 దాకా వేస్తారు. 50 అంటే పెద్ద లీగులో సగటు ఆటగాడి స్థాయి. మనిషికంతటికీ కలిపి ఒకే మార్కు వేసి ఊరుకోరు. ఫాస్ట్‌బాల్‌కు ఒకటి, స్లైడర్‌కు ఒకటి, నెమ్మది బంతికి ఒకటి, అనుకున్నచోట వెయ్యగలగడానికి ఇంకొకటి. ప్రతిదానికీ రెండు అంకెలుంటాయి: ఈరోజు ఎంత, పూర్తిగా ఎదిగాక ఎంత. మొదటి అంకె వెయ్యడానికి రాడార్ గన్ సాయపడుతుంది. రెండోది వెయ్యడానికి యంత్రమేదీ లేదు. పందొమ్మిదేళ్ళ కుర్రాడి ఎముకలు ఇంకా ఎంత బలపడతాయి, ఓడిపోయిన రాత్రి ఏం ఆలోచిస్తాడు, కోచ్ మాట చెవికెక్కుతుందా లేదా, ఇవన్నీ కలిపి ఒక్క అంకెగా కాగితం మీద పెట్టాలి. 40 పక్కన 60 రాసే సాహసం చెయ్యాలంటే ఏళ్ళ తరబడి వందల చేతుల్ని చూసి ఉండాలి. వాటిలో ఎక్కువ భాగం ఏమీ కాకుండా పోవడమూ చూసి ఉండాలి.

మరి వాళ్ళు చూసేదేమిటి? ముందు, నేర్పితే వచ్చేదేది, నేర్పినా రానిదేది అని రెండు కుప్పలు పోస్తారు. బంతిని పట్టే తీరు నేర్పొచ్చు. ఎక్కడ వెయ్యాలో నేర్పొచ్చు. అడుగుల వరస సరిచెయ్యొచ్చు, ఒళ్ళు పెంచొచ్చు. చెయ్యి తిరిగే వేగం మాత్రం చాలావరకు పుట్టుకతో వచ్చిందే. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళ కొసలు ఒకదాని వెనక ఒకటి, కొరడా జాడించినట్టు అందుకోవాలి. ఆ వరసలో ఆలస్యం ఎక్కడుండాలో అక్కడుంటే బంతి చేతిలోంచి ఊడినట్టు రాదు, తన్నుకొచ్చినట్టు వస్తుంది. అది ఉన్నవాడు అయిదు వైడ్లు వేసినా స్కౌట్ లేచిపోడు. అది లేనివాడు అయిదు వికెట్లు తీసినా పుస్తకంలో చిన్న గుర్తు పెట్టుకుని పక్కకు తిరుగుతాడు.

కుమార్ రాకర్ కథ ఈ చూపు ఎంత దూరం పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చెబుతుంది. 1999 నవంబర్ 22న పుట్టాడు. అమ్మ లలిత భారత సంతతి మనిషి. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, ఆ తర్వాత కోచ్. కుమార్ ఆరున్నర అడుగులకు ఒక్క అంగుళం తక్కువ. ఆ ఒడ్డూ పొడవూ చూస్తే వేగం ఉంటుందని ఎవరైనా చెబుతారు. స్కౌట్లు లేచి నిలబడింది అతని స్లైడర్ చూసి. స్లైడర్ అంటే ఫాస్ట్‌బాల్ లాగే బయలుదేరి, బ్యాటర్ మనసు ఖాయం చేసుకున్నాక అడ్డంగా, కిందికి జారిపోయే బంతి. రెండు బంతులకూ చెయ్యి ఒకే ఎత్తు నుంచి, ఒకే వేగంతో రావాలి. తేడా ఏదైనా ఉంటే అది వేళ్ళ కొసల్లోనే ఉండాలి. వేడుక చూసే కంటికి కనబడకూడదు. 2019 జూన్ 8న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున డ్యూక్ మీద ఆడినప్పుడు రాకర్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తానే వేసి 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైకులతో వెనక్కి పంపాడు. అప్పటికి కాలేజీలో అది అతని మొదటి ఏడే. ఆ ఏడు వాండర్‌బిల్ట్ జాతీయ విజేత అయింది, రాకర్ ఆ పోటీల ఉత్తమ ఆటగాడయ్యాడు.

పెద్ద జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2021లో, న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని పదో ఎంపికగా తీసుకుంది. తర్వాత వైద్య పరీక్షల్లో చేతి గురించి అనుమానం వచ్చి ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. ఆ ఏడాదే భుజానికి శస్త్రచికిత్స జరిగింది. మరుసటి ఏడు పెద్ద జట్లతో సంబంధం లేని ఒక చిన్న లీగులో, ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే జట్టుకు, కొద్ది మ్యాచ్‌లు ఆడాడు. చూసేవాళ్ళు అక్కడికీ వెళ్ళి చూశారు. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది, అంటే వదిలేసిన చోటుకన్నా ఏడు స్థానాలు పైన. 2023లో హై-ఎ జట్టు హికరీకి ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడో లేదో మోచెయ్యి పోయింది, టామీ జాన్ శస్త్రచికిత్స. మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఫ్రిస్కో, రౌండ్ రాక్ దాటుకుని 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో పెద్ద లీగు మొదటి మ్యాచ్ ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. 2019లో ఆ స్లైడర్ చూసి పుస్తకంలో పెద్ద అంకె రాసుకున్న స్కౌట్ చూపు తప్పు కాదు. ఒక కీలు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఏ కంటికీ కనబడదు, అంతే. స్కానింగ్ చదివిన డాక్టర్లకే ఏకాభిప్రాయం కుదరలేదు.

ఇదంతా చదువుతున్నప్పుడల్లా నా ఆలోచన హైదరాబాద్ మీదికి పోతుంది. మన తెలుగు నేల మీద ఇలాంటి చూపుకు దొరికిన అతి పెద్ద ఉదాహరణ మొహమ్మద్ సిరాజ్.

1994 మార్చి 13న పుట్టాడు. నాన్న మొహమ్మద్ గౌస్ ఆటో నడిపేవారు. అకాడమీ లేదు, కోచ్ లేడు. పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ దాకా టెన్నిస్ బంతి ఆటే. తర్వాత చార్మినార్ క్రికెట్ క్లబ్‌లో తోలు బంతి చేతికొచ్చింది. 2015 నవంబర్‌లో రంజీలో తొలి మ్యాచ్ ఆడాడు, ఆ సీజన్‌లో అదొక్కటే. ఆ దశలో అతని కాగితం చూస్తే ఏముంది? వయసు మించిపోతోంది, జూనియర్ స్థాయి రికార్డు లేదు, శిక్షణ లేదు. కాగితం చూసి ఎంపిక చేసేవాడు ఆ పేరు కొట్టేసేవాడే.

భరత్ అరుణ్ చెయ్యి చూశారు. హైదరాబాద్‌లో బెంగళూరు ఐపీఎల్ జట్టు ప్రాక్టీసుకు నెట్స్‌లో బంతులు వేయడానికొచ్చిన స్థానిక కుర్రాళ్ళలో సిరాజ్ ఆయన కంటబడ్డాడు. అరుణ్ మామూలు కోచ్ కాదు, భారత జట్టు బౌలర్లను తీర్చిదిద్దిన మనిషి. 2016-17 సీజన్‌కు ఆయన హైదరాబాద్ రంజీ జట్టు కోచ్‌గా వచ్చారు, సిరాజ్‌ను పిలిపించారు. ఆ సీజన్‌లో సిరాజ్ తీసినవి 41 వికెట్లు. 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్లకు సన్‌రైజర్స్ కొనుక్కుంది.

నెట్ బౌలర్ పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. పేరుమోసిన బ్యాటర్‌కు సాధన కావాలి కాబట్టి వేస్తాడు. ఫీల్డర్లు లేరు, అంపైర్ లేడు, వికెట్ పడినా స్కోరుబోర్డు మీద ఎక్కదు. అలాంటిచోట ఒక కుర్రాడిలో టెస్ట్ బౌలర్‌ను చూడాలంటే చూసేది ఫలితాన్ని కానే కాదు. సిరాజ్ యాక్షన్ కోచింగ్ పుస్తకంలో బొమ్మ వేసుకునేంత ముచ్చటైనది కాదు. పరుగులో ఆవేశం ఉంటుంది, చివరి అడుగుల్లో కాస్త తొందర ఉంటుంది. చెయ్యి మాత్రం ఆఖరి క్షణంలో ఒక్కసారిగా వచ్చేస్తుంది. బంతి వదిలేటప్పుడు మణికట్టు బంతి వెనకే ఉంటుంది, పక్కకు పడిపోదు. సీమ్ నిటారుగా పోవాలంటే అదే మూలం. బంతి కొత్తదైనా పాతదైనా సిరాజ్‌ను కాపాడింది ఆ మణికట్టే.

దీని వెనక టెన్నిస్ బంతి చేసిన మేలు ఉందని నాకు గట్టి నమ్మకం. టెన్నిస్ బంతి బరువు అరవై గ్రాముల లోపే. తోలు బంతి 156 గ్రాములకు తగ్గకూడదు. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు. అరవై గ్రాముల బంతి తన బరువుతో తాను పోదు. ఎంత వేగం కావాలంటే అంతా చెయ్యే ఇవ్వాలి. పైగా బ్యాట్‌కు తగిలితే చాలు గాల్లోకి లేస్తుంది కాబట్టి కాళ్ళ దగ్గర వెయ్యకపోతే బతుకు లేదు. అలా ఏళ్ళ తరబడి ఆడినవాడికి రెండు వస్తాయి: చేతికి విసురు, కాళ్ళ దగ్గర బంతి వేసే గురి. రెండు రావు: లెంగ్త్ అంటే ఏమిటో తెలియదు, సీమ్‌తో పని ఉండదు. అరుణ్ లాంటి మనిషి ఈ లెక్కంతా ఒక్క చూపులో వేసుకోగలడు. ఉన్నవి నేర్పితే వచ్చేవి కావు, లేనివి నేర్పితే వచ్చేవి.

తమిళనాడులో సేలం దగ్గర చిన్నప్పంపట్టి నుంచి వచ్చిన నటరాజన్ కథా ఇదే దారి. టెన్నిస్ బంతితో యార్కర్లు వేసి వేసి, 2020 ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ చొక్కా వేసుకుని ప్రపంచంలోని పెద్ద బ్యాటర్లకు అవే యార్కర్లు వేశాడు. ఆ తర్వాతి ఆస్ట్రేలియా పర్యటన ఒక్కదానిలోనే మూడు ఫార్మాట్లలోనూ భారత జట్టుకు తొలి మ్యాచ్‌లు ఆడేశాడు.

సిరాజ్ దగ్గరికే వద్దాం. కనిపెట్టడం వేరు, తయారుకావడం వేరు. 2017 నవంబర్ 4న రాజ్‌కోట్‌లో న్యూజిలాండ్ మీద తొలి అంతర్జాతీయ టీ20లో నాలుగు ఓవర్లకు 53 పరుగులిచ్చాడు. 2019 ఐపీఎల్ కూడా కలిసిరాలేదు. తనను తిట్టని ప్రేక్షకుడు లేడనేంతగా నలిగాడు. ఈ మూడేళ్ళే నాకు అన్నింటికన్నా విలువైనవిగా తోస్తాయి. ఎందుకంటే స్కౌట్ రాసే రెండో అంకె నిజమా కాదా అని తేలేది ఈ మధ్యకాలంలోనే. 2020 అక్టోబర్ 21న కోల్‌కతా మీద నాలుగు ఓవర్లలో రెండు మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అతనే. మరుసటి నెల ఆస్ట్రేలియాలో ఉండగా నాన్న పోయారు. ఇంటికి తిరిగి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్ట్, జనవరిలో గబ్బాలో రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు.

ఇక పనితనం. సిరాజ్ దగ్గర ప్రధానంగా రెండు బంతులున్నాయి. రెండూ చేతిలోంచి ఒకేలా వస్తాయి, అదే అసలు విద్య.

మొదటిది అవుట్‌స్వింగర్. చూపుడు వేలు, నడిమి వేలు సీమ్‌కు అటూ ఇటూ దగ్గరగా ఉంటాయి. సీమ్ స్లిప్ ఫీల్డర్ల వైపు కొద్దిగా తిరిగి ఉంటుంది. వదిలేటప్పుడు వేళ్ళు బంతి వెనక నుంచి కిందికి గీసినట్టు జారతాయి కాబట్టి బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడే సీమ్‌ను కదలకుండా నిలబెడుతుంది. సీమ్ ఉన్న వైపు గాలి పొర చెదిరి బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది, రెండోవైపు ముందే విడిపోతుంది. దాంతో బంతి సీమ్ చూపించిన వైపుకు, అంటే కుడిచేతి బ్యాటర్ నుంచి బయటికి వంగుతుంది. వంపు ఎంత ఆలస్యంగా వస్తే అంత ప్రమాదం.

రెండోది వాబుల్ సీమ్. వేళ్ళు కొంచెం ఎడంగా ఉంటాయి. చెయ్యి, మణికట్టు, వేగం అన్నీ పాతవే. సీమ్ మాత్రం నిలకడగా ఉండకుండా గాలిలో అటూ ఇటూ ఊగుతూ పోతుంది. నేల తాకేటప్పుడు సీమ్ ఏ అంచు తగిలిందో దాన్నిబట్టి లోపలికి రావచ్చు, బయటికి పోవచ్చు, నేరుగానూ పోవచ్చు. ఎటు పోతుందో వేసినవాడికే ముందు తెలియదు. బ్యాటర్‌కు తెలిసే ప్రశ్నే లేదు. ఇది అదృష్టం మీద వదిలేసిన బంతి అనుకుంటే పొరపాటు. ఎటు తిరిగినా స్టంపులనో, ప్యాడ్‌నో, అంచునో అడిగేలాంటి చోట పడితేనే దానికి విలువ. మళ్ళీ మళ్ళీ అక్కడే వెయ్యగల చెయ్యి కావాలి. బేస్‌బాల్ స్కౌట్లు మార్కులు వేసేటప్పుడు బంతి వంపుకు ఒకటి, గురికి ఒకటి విడివిడిగా ఎందుకు వేస్తారో ఇక్కడ అర్థమవుతుంది. వాబుల్ సీమ్‌లో వంపు బౌలర్ చేతిలో లేదు. గురి ఒక్కటే ఉంది.

2023 సెప్టెంబర్ 17, కొలంబో, ఆసియా కప్ ఫైనల్, శ్రీలంక ఇన్నింగ్స్ నాలుగో ఓవర్. ఈ ఓవర్‌ను నేను బౌలింగ్ చూడటం నేర్చుకోవాలనుకునే పిలకాయలందరికీ చూపించమంటాను. మొదటి బంతి బ్యాటర్‌ను ముందుకు లాగింది, నిస్సంక డ్రైవ్ చేశాడు, పాయింట్‌లో జడేజా పట్టాడు. మూడో బంతికి సమరవిక్రమ ఎల్‌బీ. నాలుగో బంతికి అసలంక కవర్‌లో ఇషాన్ కిషన్ చేతికి. హ్యాట్రిక్ బంతి. ధనంజయ దాన్ని లాంగాన్ వైపు ఫోర్ కొట్టాడు. బంతి వేసిన సిరాజే దాని వెంటపడి బౌండరీ తాడు దాకా పరుగెత్తాడు. జట్టంతా నవ్వింది. తిరిగొచ్చి వేసిన ఆరో బంతి బయటికి వంగుతూ ధనంజయ అంచును తాకి రాహుల్ గ్లవ్స్‌లో పడింది. తన తర్వాతి ఓవర్‌లో శనకకు వేసిన అవుట్‌స్వింగర్ బ్యాటును దాటుకుని ఆఫ్ స్టంప్‌ను తాకింది. 16 బంతుల్లో 5 వికెట్లు. మొత్తం 7 ఓవర్లలో 21 పరుగులకు 6 వికెట్లు, శ్రీలంక 50 పరుగులకు ఆలౌట్.

వికెట్లన్నీ పక్కన పెట్టి ఆ అయిదో, ఆరో బంతుల మధ్య జరిగింది చూడమంటాను. బౌండరీ తిన్నాక బౌలర్ ఏం చేస్తాడన్నదే మంచి స్కౌట్ ప్రాణంగా చూసే చోటు. కొందరు కోపంతో షార్ట్ బంతి వేస్తారు. కొందరు భయంతో లెంగ్త్ వెనక్కి లాగేస్తారు. సిరాజ్ బౌండరీ దాకా పరుగెత్తి, ఆయాసంతోనే తిరిగొచ్చి, ఫోర్ పోయిన లెంగ్త్‌ను వదలకుండా మళ్ళీ బంతిని పైకే వేశాడు. ఎందుకంటే ఆరోజు గాలి వంపుకు సాయపడుతోంది, పైకి వేస్తేనే ఆ వంపుకు తగినంత దూరం దొరుకుతుంది. ఇంత స్పష్టత ఆ ఆయాసంలో ఉండటం అసాధారణం.

మా వైపు సంగతికొస్తాను. కోటలో ఒక పిలకాయకు అలాంటి చెయ్యి ఉందనుకుందాం. ఎవరు చూడాలి? ఆంధ్రా క్రికెట్ సంఘంలో నెల్లూరు జిల్లా సౌత్ జోన్‌లోకి వస్తుంది, కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరులతో పాటు. జిల్లాల విభజనలో కోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ క్రికెట్‌లో దారి అదే: జిల్లా జట్టు, జోన్, రాష్ట్రం. అనంతపురంలో ఆర్‌డీటీ మైదానాలున్నాయి, కడపలో రాజారెడ్డి స్టేడియం ఉంది. ఇటు దక్షిణంగా పోతే కొన్ని గంటల్లో చెన్నై, అక్కడ 1987లో డెనిస్ లిల్లీతో మొదలైన ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్. ఫాస్ట్ బౌలర్ కావాలని పోయిన సచిన్‌కు బ్యాటింగ్ మీద దృష్టి పెట్టమని చెప్పి పంపింది ఆ లిల్లీయే. కాదు అని సరిగ్గా చెప్పగలగడమూ చూపులో భాగమే. దారులు లేవని కాదు. గట్టు మీద నిలబడినవాడు, వ్యాయామోపాధ్యాయుడో, విద్యానగర్ కాలేజీ జట్టు సీనియరో, ఆ పిలకాయను మొదటి మెట్టు దాకా తీసుకుపోవాలి. ఆ ఒక్క మనిషి లేకపోతే మిగతా మెట్లన్నీ ఖాళీగా ఉంటాయి.

సౌత్ జోన్ నుంచే శ్రీచరణి వచ్చింది. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి, ఎడమచేతి స్పిన్నర్. ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు ఆడి ఆడి క్రికెట్‌లోకి ఆలస్యంగా వచ్చింది. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తొలి అంతర్జాతీయ టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు. అదే ఏడు నవంబర్ 2న మనవాళ్ళు గెలిచిన ప్రపంచ కప్‌లో 14 వికెట్లు, భారత జట్టులో దీప్తి శర్మ తర్వాత అవే ఎక్కువ. వేరే ఆటలాడిన అమ్మాయి కాళ్ళలో, చేతిలో బౌలర్‌ను చూడగలిగినవాళ్ళు ఇంటి దగ్గరే ఉండటం ఆమె అదృష్టం. ఆట తెలియకపోయినా చేతిలో విసురుందా అని చూడటంలో అమెరికావాళ్ళు ఇంకా దూరం పోయారు. 2008లో భారతదేశంలో బంతి విసిరే పోటీ పెట్టి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళను ఎంచుకున్నారు. అంతకు ముందు బేస్‌బాల్ ముట్టుకోని ఆ ఇద్దరితో ఆ ఏడు నవంబర్‌లోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకుంది. రింకూ సింగిల్-ఎ దాకా ఎక్కాడు. పెద్ద లీగు అందకపోయినా, జావెలిన్ పట్టిన చెయ్యిని చూసి అందులో పిచ్చర్‌ను ఊహించిన కన్ను నాకు ఎంతో గౌరవనీయం.

కంటికి అందనిదాని గురించి రాకర్ దగ్గర చెప్పాను. సిరాజ్‌లో అది ఎదురుదారిలో నిజమైంది. అరుణ్ చేతి వేగాన్ని చూడగలిగారు, మణికట్టును చూడగలిగారు. ఆ ఒళ్ళు ఎంత మోయగలదో నెట్స్‌లో తేలే విషయం కాదు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి సిరాజ్ 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. రెండు జట్లలోనూ అంతకన్నా ఎక్కువ వికెట్లు ఎవరికీ లేవు. ఓవల్‌లో నాలుగో రోజు హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా క్యాచ్ పట్టి బౌండరీ తాడు మీద కాలు వేశాడు. బ్రూక్ 111 చేశాడు. అయిదో రోజు, ఆగస్టు 4, ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. ఒక భుజం కట్టు కట్టుకున్న వోక్స్ కూడా ఆ నాలుగులో ఒకడు.

ఆ ఉదయం సిరాజ్ వేసినవి కొత్త మాయలేం కావు. జేమీ స్మిత్‌కు బయటికి పోయే బంతి, వికెట్ కీపర్ చేతికి. ఓవర్టన్‌కు లోపలికి, ఎల్‌బీ. మధ్యలో ప్రసిద్ధ్ కృష్ణ టంగ్‌ను బౌల్డ్ చేశాడు. గెలుపుకు ఏడు పరుగులుండగా అట్కిన్సన్ పెద్ద షాట్‌కు చెయ్యెత్తాడు. అయిదు టెస్టుల అలసట ఉన్న ఆ చెయ్యి, సిరీస్ మొత్తానికి ఆఖరి బంతిగా, టెన్నిస్ బంతి ఆడే ప్రతి పిలకాయా ముందుగా నేర్చుకునే బంతినే వేసింది. యార్కర్. ఆఫ్ స్టంప్ లేచిపోయింది. భారత్ 6 పరుగులతో గెలిచింది, సిరాజ్‌కు ఆ ఇన్నింగ్స్‌లో 104 పరుగులకు 5 వికెట్లు.